తప్పిపోయిన కుమారుడు ఏ తెలుగు మాట్లాడాడు?

తార్నాక అన్న పేరుకు మా వీధిలోని పెద్దలు చెప్పే వ్యుత్పత్తి ఒకటుంది. 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే కాపలా చౌకీ. నిజాము కాలంలో ఇక్కడ తోటలుండేవని, వాటి చుట్టూ తీగకంచె, ఆ కంచె దగ్గర ఒక నాకా ఉండేవని, రెండు మాటలూ కలిసి తార్నాక అయిందని అంటారు. ఉద్యోగ విరమణ తరువాత ఈ నాకా దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనికి ఉదయపు నడకకు వెళ్ళడం నాకు నిత్యకృత్యం. ఆర్ట్స్ కళాశాల ముందు మెట్ల మీద కాసేపు కూర్చుని తిరిగి వస్తాను. 1939లో ప్రారంభోత్సవం జరుపుకున్న ఆ గులాబిరంగు రాతి కట్టడాన్ని ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఆ రాళ్ళను ఎవరు చెక్కారో అన్న ఆలోచన మాత్రం చాలా ఆలస్యంగా కలిగింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

2024 మే నెలలో, నాతోపాటు ఉపాధ్యాయవృత్తి చేసి విరమించిన ఒక మిత్రుడు మా ఇంటికి వచ్చాడు. ఆయన క్రైస్తవుడు. వారి చర్చిలో ప్రతి వేసవిలోనూ పిల్లలకు పదిరోజులు బైబిలు పాఠశాల నడుపుతారు. మనవాళ్ళందరూ 'వి.బి.ఎస్.' అని పిలిచేది అదే. పాటలు, ఆటలు, కంఠస్థవాక్యాలు, మధ్యాహ్నం ఇంత పులిహోర. "మాస్టారూ, ఈసారి పిల్లలచేత కథలు వ్రాయిద్దామనుకుంటున్నాము. మీరు రోజుకొక గంట వచ్చి కూర్చోవాలి" అన్నాడు. "నేను మీ మతస్థుణ్ణి కాదు కదయ్యా" అన్నాను. "కథకు మతమేమిటి మాస్టారూ, మీకు పాత్రచిత్రణ తెలుసు, మాకు పాత్రలు తెలుసు" అని నవ్వాడు. ఆ మాట నన్ను పట్టుకున్నది.

మొదటిరోజు పద్నాలుగుమంది పిల్లలు కథలు వ్రాసి ఇచ్చారు. ఇంటికి తెచ్చుకుని చదివాను. పేర్లు మారాయి గాని కథ ఒక్కటే. ఒక ఊరిలో ఒక చెడ్డ బాలుడు ఉండెను. అతడు అబద్ధములాడును, దొంగతనము చేయును. ఒక ఆదివారము అతడు ప్రార్థనకు వెళ్ళెను. వెంటనే మంచివాడాయెను. సమాప్తం. ఒక కథలో మాత్రం బాలుడికి బదులు కోడిపుంజు ఉంది. అదీ మారుమనస్సు పొందింది!

నవ్వుకున్నాను గాని, ఆ రాత్రి తీరికగా ఆలోచిస్తే నవ్వు రాలేదు. ఈ పిల్లలకు ఇలా వ్రాయమని నేర్పినది ఎవరు? మేమే. నలభై సంవత్సరాలుగా తెలుగు వాచకం పట్టుకుని తరగతికి వెళ్ళిన మావంటి వాళ్ళమే.

'పాత్ర' అన్న మాటను కొంచెం చూడండి. పాత్ర అంటే గిన్నె, కలశం. ఏదైనా పట్టేది. నాటకంలో వేషధారి రసాన్ని పట్టి ఉంచుతాడు కనుక పాత్ర అయ్యాడు. 'పాత్రత' అంటే యోగ్యత, 'అపాత్రదానం' అంటే అనర్హుడికి ఇచ్చిన దానం. కథలోని మనిషి ఎంత పట్టగలడో అంతే పోయాలి, అంతకు మించి పోస్తే పొర్లిపోతుంది. క్షేమేంద్రుడు ఔచిత్యమని ఒక గ్రంథమంతా విచారణ చేసింది దీని గురించే. విచిత్రమేమంటే క్రైస్తవుల గ్రంథంలోనూ ఇదే ఉపమానం ఉంది. యిర్మీయా ప్రవక్త కుమ్మరి ఇంటికి వెళ్ళి సారె మీద చెడిపోయిన కుండను చూస్తాడు. కుమ్మరి దానిని పారవేయడు, అదే మట్టితో మరొకటి చేస్తాడు. పౌలు మనుష్యులను మంటిఘటాలతో పోలుస్తాడు, లోపల ఉన్నది నిధి, పైనున్నది మాత్రం పగిలే మన్ను. పాత్రచిత్రణను గురించి నాకు తెలిసిన అలంకారశాస్త్రమంతా తిరగేసినా, పగులు కూడా పాత్రలో భాగమేనన్న మాట ఇంత సూటిగా ఎక్కడా కనబడలేదు. మన శాస్త్రం నాయకులను నాలుగు అరలలో సర్దింది. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. ఓరుగల్లు ఆస్థానంలోని విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో ఈ లక్షణాలకన్నిటికీ తన ప్రభువునే లక్ష్యంగా నిలిపాడు. అది శాస్త్రానికి సౌకర్యం. అయితే పన్నెండేళ్ళ పిల్ల తన పక్కింటి కిరాణాకొట్టు మామను వీటిలో ఏ అరలో పెట్టాలి?

పాఠశాలలలోనికి వచ్చిన తొలి వచనకథల సంగతీ అంతే. చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853లో వెలువడి, మూడు తరాల పిల్లలకు తెలుగు వచనం నేర్పింది. దాని భాషాసౌష్ఠవానికి నేను జీవితాంతం దాసుణ్ణి. కాని అందులో నక్క అంటే జిత్తులు, కాకి అంటే మైత్రి, సింహం అంటే అధికారం. జంతువు పేరు చెబితే గుణం తెలిసిపోతుంది. కృష్ణమిశ్రుడి ప్రబోధచంద్రోదయాన్ని నంది మల్లయ, ఘంట సింగయలు తెనిగించినప్పుడు వివేకుడు, మోహుడు మొదలైన గుణాలే రాజులై యుద్ధం చేశాయి. ఇంగ్లండులో జాన్ బన్యన్ చెరసాలలో వ్రాసి 1678లో ప్రకటించిన యాత్రికుని కథలోనూ మూర్ఖుడి పేరు మూర్ఖత్వమే, విశ్వాసి పేరు విశ్వాసమే. మన పిల్లలు ఇంటి దగ్గర నీతిచంద్రిక వారసత్వాన్ని, చర్చిలో బన్యన్ వారసత్వాన్ని పట్టుకుని వచ్చి, రెండూ కలిపి ఆ కోడిపుంజు కథ వ్రాశారు. వారి తప్పేమీ లేదు.

మరి మిత్రుడు అన్న 'మాకు పాత్రలు తెలుసు' అన్న మాట సంగతి? మరునాడు ఆయన దగ్గరనుంచే బైబిలు తెప్పించుకుని లూకా సువార్త పదిహేనవ అధ్యాయం మళ్ళీ చదివాను. మిషన్ పాఠశాలలో పనిచేసినవాణ్ణి కనుక కథ తెలియనిది కాదు. పండితుడుగా చదవడం మాత్రం అదే మొదటిసారి.

ఈ కథ అచ్చు తెలుగులోనికి వచ్చి రెండు వందల సంవత్సరాలు దాటింది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం చేరారు. తెలుగు నేర్చుకున్నారు. వారికి ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు, క్రైస్తవం పుచ్చుకున్నవాడు, తోడయ్యాడు. ఆయన చేయి లేకపోతే ఆ అనువాదం సాగేది కాదు. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను మరణించారు. వారు అనువదించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. చూచారా, నీతిచంద్రికకు నలభై ఒక్క సంవత్సరాల ముందే, ఇంటినుంచి వాటా పుచ్చుకుని దూరదేశం పోయిన ఒక కుర్రవాడు తెలుగు వచనంలో నడిచాడు. నక్క కాదు, సింహం కాదు, వివేకుడూ కాదు. అతనికి పేరు కూడా లేదు.

పేరు లేకపోయినా మనిషిగా ఎందుకు నిలిచాడు? ఆస్తి తగలబెట్టాడని చెప్పి కథకుడు ఊరుకోలేదు, కరువు వచ్చిందన్నాడు. పందులు మేపే కూలికి కుదిరాడన్నాడు. యూదుడికి పంది అంటరాని జంతువు, ఆ పని ఎంత దిగజారుడో వినేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ పందుల మేత కూడా తిందామనిపించింది. అప్పటికి గాని ఇల్లు గుర్తుకు రాలేదు. అంటే ఇక్కడ పశ్చాత్తాపానికి ముందు ఆకలి ఉంది. పైగా అతడు తండ్రి దగ్గర ఏమి చెప్పాలో ముందుగా వల్లె వేసుకుంటాడు. తప్పు చేసి ఇంటికి వచ్చే ప్రతి పిల్లవాడూ చేసే పని అది! ఆ వల్లె వేసుకున్న మాటలలో చివరిది, తనను కూలివాడుగా పెట్టుకొమ్మనేది, తండ్రి ముందు నోటినుంచి రానేరాదు. తండ్రి అప్పటికే పనివాళ్ళను కేక వేసి వస్త్రం తెమ్మంటున్నాడు. ఇంత సూక్ష్మమైన అనుభావం కావ్యాలలో ఎన్నిచోట్ల ఉంది?

ఇక పెద్దకొడుకు. పొలంనుంచి వస్తూ పాటలు విని, లోపలికి వెళ్ళి చూడడు. పనివాణ్ణి పిలిచి అడుగుతాడు. ఆ ఒక్క చర్యలోనే అతని స్వభావమంతా ఉంది. కోపం వచ్చి బయటే నిలబడతాడు. తండ్రి బయటకు వచ్చి బతిమాలుతాడు. అక్కడితో కథ ఆగిపోతుంది. పెద్దవాడు లోపలికి వెళ్ళాడో లేదో చెప్పలేదు. అతడు చెడ్డవాడా? ఇంత కాలం చెమటోడ్చినవాడు. అతని ఫిర్యాదు న్యాయమైనదే. ఆ న్యాయమే అతణ్ణి గుమ్మం బయట నిలబెట్టింది.

ఈ కథకు మన దేశంలో మరొక చరిత్ర ఉంది. భారతదేశంలోని భాషలన్నిటినీ సర్వే చేయించిన జార్జి గ్రియర్సన్ ప్రతి భాషనుంచి, ప్రతి మాండలికం నుంచి ఒకే కథను అనువదింపజేసి నమూనాగా సేకరించాడు. ఆ కథ ఈ తప్పిపోయిన కుమారుడిదే. ఉత్తమ మధ్యమ ప్రథమ పురుషలు, విభక్తులలో చాలావరకు, మూడు కాలాలూ ఇందులో వస్తాయని ఆయన దీనిని ఎన్నుకున్నాడు. ఈ దేశపు ఆచారాలు నొచ్చుకోకుండా మాటలు అక్కడక్కడ మార్చాడు కూడా. క్రొవ్విన దూడను కోయించే తండ్రితో ఇక్కడ చిక్కే కదా! అలా ఆ కుర్రవాడు వందలకొలది యాసలలో తండ్రికి క్షమాపణ చెప్పుకున్నాడు. ప్రపంచంలో మరే కథాపాత్రకూ ఇన్ని నోళ్ళు దొరికి ఉండవు.

ద్రావిడభాషలున్న సంపుటం 1906లో వచ్చింది. అందులో తెలుగు ఉంది. అయితే ఆ సర్వే మద్రాసు రాజధానికి గాని, హైదరాబాదు సంస్థానానికి గాని రాలేదు. తెలుగువారిలో నూటికి తొంభైమందికి పైగా ఉన్న ప్రాంతాలు ఆ రెండే! అందువల్ల బొంబాయి రాజధానిలోను, మధ్యపరగణాలలోను వలసపోయి బతుకుతున్న తెలుగువారి పలుకులు వడరి, కామాఠీ, గోలరి వంటి పేర్లతో అందులో ఎక్కాయి. వడరి అంటే మన వడ్డెరలు. రాయి కొట్టి, మట్టి తవ్వి, బావులు, చెరువులు, కట్టడాలు నిలబెట్టినవారు. పరాయి రాష్ట్రంలోని వడ్డెర తెలుగులో తప్పిపోయిన కుమారుడు మాట్లాడాడు. ఓరుగల్లు తెలుగులో, మెదకు తెలుగులో, తార్నాక తెలుగులో మాట్లాడలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పుకోవాలి.

ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకుని మాణికేశ్వరి నగర్ ఉంది. వాడుకలో వడ్డెర బస్తీ అంటారు. 1991లో నేను నగరంలో ఒక పాఠశాలలో తొమ్మిదవ తరగతికి తెలుగు చెబుతుండగా ఆ బస్తీనుంచి ఒక కుర్రవాడు వచ్చేవాడు. నేను కృష్ణా తీరంనుంచి వచ్చినవాణ్ణి, పండిత శిక్షణ పొందినవాణ్ణి, అరసున్న ఎక్కడుండాలో తెలిసినవాణ్ణి అన్న అహంకారం నిండా ఉన్న రోజులు. సొంతంగా ఒక కథ వ్రాయమన్నాను. అతడు ఒక తల్లి కథ వ్రాశాడు. ఆమె పొద్దున్నే రాళ్ళపనికి వెళుతుంది. కొడుకు బడి ఎగగొట్టి తిరుగుతుంటే దారిలో చూస్తుంది. తిట్టదు. "ఎటు వోతున్నవ్ రా, బువ్వ దిని పో" అంటుంది, అంతే. వాడు తినడానికి ఇంటికి వెళతాడు. తరువాత బడికి వెళతాడు. అదీ కథ.

నేను ఎర్రసిరాతో ఆ వాక్యాన్ని కొట్టివేసి, పైన "ఎక్కడికి వెళుతున్నావు నాయనా, అన్నం తిని వెళ్ళు" అని వ్రాశాను. 'గ్రామ్యం' అని అంచున గీశాను. తప్పులు లెక్కవేసి ఇరవైకి నాలుగు మార్కులు వేశాను. అతడు నోటుపుస్తకం తీసుకుని నా బల్ల దగ్గరకు వచ్చి, కోపంగా కాదు, సందేహం అడిగినట్లు అన్నాడు: "మా అమ్మ గిట్ల మాట్లాడది సార్."

"పరీక్షలో ఇలాగే మాట్లాడాలి" అన్నాను. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ సంవత్సరం అతడు మరి కథ వ్రాయలేదు. వ్యాసాలు వ్రాశాడు, నేను చెప్పినవి చెప్పినట్లు. వాటికి మంచి మార్కులే వేశాను.

మత్తయి సువార్తలో ఒక ఘట్టం ఉంది. యేసును పట్టుకుపోయిన రాత్రి పేతురు ప్రధానయాజకుడి ముంగిట నిలబడి, ఆయన ఎవరో తనకు తెలియదంటాడు. అక్కడివారు నమ్మరు. నీవు మాట్లాడే తీరే నిన్ను పట్టిస్తున్నదని అంటారు. గలిలయ యాస అది. రాజధాని జనం మధ్యలో పల్లెవాడి యాస దాగలేదు. పేతురు ఎవరో, ఎక్కడివాడో, ఆ క్షణంలో ఎంత భయపడ్డాడో అంతా ఆ ఒక్క మాటలో ఉంది. న్యాయాధిపతుల గ్రంథంలో మరీ ఘోరం. నది రేవు దగ్గర కాపలావాళ్ళు ఒక మాట పలకమంటారు, 'ష' పలకలేక 'స' అన్నవాణ్ణి చంపుతారు. ఇవి చదువుతున్నప్పుడు నా ఎర్రసిరా కలం గుర్తుకు వచ్చిందంటే అతిశయోక్తి అనుకోకండి.

దగ్గరలోనే మందు ఉండగా నేను రోగంతో తిరిగాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి పర్యవేక్షణలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో సాహిత్య అకాడమీ ప్రచురించింది. రైతుల నోట ఏ మాట ఉందో ఊరూరా తిరిగి వ్రాసుకుని చేసిన పని. ఆయన అదే సంవత్సరం ఉస్మానియాలో భాషాశాస్త్రాచార్యులుగా చేరారు. నేను నడకకు వెళ్ళే ఆ దారులలోనే ఆయన నడిచారు. బిరుదురాజు రామరాజుగారు అంతకుముందే, 1950లలో, ఇదే విశ్వవిద్యాలయంలో తెలుగు జానపదగేయ సాహిత్యం మీద పరిశోధన చేసి పట్టం పొందారు. పల్లెపాట పట్టానికి తగిన వస్తువని ఆ ప్రాంగణం ఒప్పుకుని ముప్పై ఏళ్ళు దాటిన తరువాత, ఆ ప్రాంగణం గోడ పక్కనే పుట్టిన పిల్లవాడి తల్లిమాటను నేను గ్రామ్యమని కొట్టివేశాను.

క్రైస్తవ కథ తెలుగులో పాత్రచిత్రణకు ఏమి చేసిందన్న ప్రశ్నకు మరొక ముఖ్యమైన సాక్ష్యం వీరేశలింగంగారి రాజశేఖర చరిత్రము. ఇది 1878లో వివేకవర్ధనిలో మొదలై, 1880లో పుస్తకరూపం పొందింది. ఆయన ముందు గోల్డ్‌స్మిత్ వ్రాసిన వేక్‌ఫీల్డు ఫాదరీ కథ ఉన్నది. 1766లో వచ్చిన ఆ నవలలో నాయకుడు మంచివాడు, మంచితనంతోపాటు కొంచెం గర్వం, బోలెడు అమాయకత్వం ఉన్న చర్చి గురువు. ఆ ఫాదరీని వీరేశలింగంగారు ధవళేశ్వరపు బ్రాహ్మణ గృహస్థుగా మార్చారు. ఎలా మార్చారన్నదే పాఠం. ఇంగ్లండులో ఫాదరీ కొడుకు గుర్రాన్ని అమ్మి, ఆ డబ్బుతో పనికిమాలిన కళ్ళజోళ్ళు కొని తెస్తాడు. ధవళేశ్వరంలో కళ్ళజోళ్ళ బేరం ఎవరు నమ్ముతారు? ఇక్కడ రాజశేఖరుడు బంగారం చేస్తానన్న బైరాగికి లోబడి ఉన్న బంగారం పోగొట్టుకుంటాడు. లోపం ఒకటే, మోసం మాత్రం ఈ నేలలో మొలిచినది. అందుకే పాత్ర నమ్మదగినదైంది. మరీ చమత్కారమేమంటే, హచిన్సన్ అనే ఆంగ్లేయ మిషనరీ ఈ పుస్తకాన్ని ఇంగ్లీషులోనికి తిరిగి తర్జుమా చేశాడు. అది 1887లో లండనులో అచ్చయింది. ఫాదరీ బ్రాహ్మణుడై మళ్ళీ ఇంగ్లండు చేరాడన్నమాట! వీరేశలింగంగారు కూడా తెలుగు పండితులుగా పనిచేసినవారే. ఈ మాట మా వృత్తివాళ్ళకు కొంత ఊరట.

దీనికి ఎదురుదిశలో నడిచినవాడు జాషువ కవి. 1895లో వినుకొండలో పుట్టిన ఈయన క్రైస్తవ కుటుంబంలో పెరిగాడు. యౌవనంలో రాజమహేంద్రవరంలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ, మాటలు చెప్పే ఉద్యోగం చేశాడు. బొమ్మ పెదవులు కదిపితే ఆ పెదవులకు తగిన మాట అందించడం! పాత్రోచితభాషకు ఇంతకన్న మంచి పాఠశాల నాకు తోచదు. తరువాత గుంటూరులో లూథరన్ మిషన్ వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేశాడు. ఉభయభాషాప్రవీణుడై తెలుగు పండితుడయ్యాడు. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. అయినా, పిల్లలకు పాత్రచిత్రణ చెప్పవలసివస్తే నేను తీసుకునేది 1941 నాటి గబ్బిలాన్నే. అందులో ఆకలితో మాడే అరుంధతీసుతుడు తన మొర వినిపించమని గబ్బిలాన్ని కాశీ విశ్వేశ్వరుడి దగ్గరకు పంపుతాడు. గుడిలోనికి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. క్రైస్తవుడైన కవి, తన పాత్రచేత క్రీస్తుకు మొర పెట్టించలేదు. ఆ దీనుడు ఎవరికి మొరపెట్టుకుంటాడో వారికే పెట్టించాడు. తన విశ్వాసాన్ని పాత్ర నోట కుక్కలేదు. ఇటువంటి వ్రాతల వల్ల ఆయనకు అటు అగ్రవర్ణాల సభలలోనూ ఇటు స్వమతస్థులలోనూ నిరాదరణే ఎదురైంది.

డొరొతీ సేయర్స్ అనే ఇంగ్లీషు రచయిత్రి, నిష్ఠగల క్రైస్తవురాలు, అపరాధపరిశోధక నవలలు వ్రాసి పేరు పొందినావిడ, 1941లోనే సృష్టికర్త మనస్సును గురించి ఒక గ్రంథం ప్రచురించింది. దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చినట్లే రచయిత తన పాత్రకు స్వేచ్ఛ ఇవ్వాలని, కథ ముగించే తొందరలో పాత్రను దాని స్వభావానికి విరుద్ధంగా మారిస్తే ఆ సృష్టి చెడుతుందని అందులో ఆమె వాదం. జాషువ ఆ పుస్తకం చదివి ఉంటాడని నేను అనను. అదే సంవత్సరంలో ఆ సూత్రానికి ఉదాహరణ మాత్రం వ్రాసిపెట్టాడు.

ఇవన్నీ పిల్లలకు చెప్పలేదు లెండి. చెబితే మరునాడు ఒక్కరూ వచ్చేవారు కాదు. రెండవరోజునుంచి నేను చేసినది చాలా కొంచెం. కథ వ్రాయవద్దన్నాను. ఇంటికి వెళ్ళి ఒక మనిషిని చూచి, ఆ మనిషి రోజూ అనే మాట ఒకటి అన్నది అన్నట్లు వ్రాసుకుని రమ్మన్నాను. ఉర్దూ కలిసినా సరే, ఇంగ్లీషు కలిసినా సరే. ఒకమ్మాయి వాళ్ళ నాయనమ్మ మాట తెచ్చింది: "నేను సచ్చినంక తెలుస్తది మీకు." ఏ సందర్భంలో అంటుందని అడిగాను. "టీవీ రిమోట్ ఇయ్యకపోతే" అన్నది. ఆ మూడు ముక్కలతో నాయనమ్మ నా ఎదుట వచ్చి కూర్చున్నట్లయింది.

తరువాత, ఆ మనిషికి ఏది కావాలో, దానికోసం ఏ తప్పు చేయడానికైనా సిద్ధపడతాడో అడిగాను. ఇక్కడ పిల్లలు తడబడ్డారు. నాయనమ్మ తప్పు చేస్తుందని ఎలా వ్రాస్తాము తాతయ్యా అన్నారు. అప్పుడు నా మిత్రుడు ఆదుకున్నాడు. దావీదు రాజు భక్తుడే గదా, మరి పరుని భార్యకోసం ఆమె భర్తను యుద్ధంలో ముందువరుసకు పంపి చంపించలేదా, ఆ సంగతి గ్రంథంలో దాచారా అన్నాడు. చిన్నపిల్లలకు ఈ కథ చెప్పవచ్చునా అని నాకు శంక కలిగింది గాని, వాళ్ళందరికీ అది ముందే తెలుసు! దేవుడు తన పోలికలో మనిషిని చేశాడని మీరు చదివారు గదా, అంటే మీ కథలోని దొంగ ముఖంలోనూ ఆ పోలిక ఉండాలి, అది ఎక్కడ ఉందో వెతికి వ్రాయండి అన్నాడాయన. నా శాస్త్రంలో ఆ మాట లేదు. దుష్టపాత్రకు లక్షణాలు చెప్పగలను గాని, అందులో వెతకవలసినది ఏమిటో నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు.

మారుమనస్సు కథలు మాత్రం ఆగలేదు. ఆగాలని నేనూ కోరలేదు, వారి విశ్వాసానికి మూలం అదే. ఒక్క షరతు పెట్టాము. మారడానికి ముందు ఆకలి ఎక్కడుందో చూపాలి, మారిన తరువాత ఎవరికి నష్టం కలిగిందో కూడా వ్రాయాలి. తమ్ముడు తిరిగివస్తే అన్నకు ఉన్నట్లుగా. కొందరికి కుదిరింది, కొందరికి కుదరలేదు. కోడిపుంజు కుర్రవాడు ఈసారి మేకను తెచ్చాడు.

ఎనిమిదవరోజున రిమోట్ నాయనమ్మ మనుమరాలు ఒక కథ మొదలుపెట్టింది. లూకాలోని కథే, మా తార్నాకలో జరిగినట్లు. తమ్ముడు దుబాయి పోయి అప్పులపాలై వస్తాడు. ఇంటిముందు షామియానా వేశారు, బగారా అన్నం వండుతున్నారు. అన్న ఆర్టీసీ డిపోలో డ్యూటీ దిగి వచ్చి, గేటు బయట బండి స్టాండు వేసి, దిగకుండా దానిమీదే కూర్చున్నాడు. నాన్న బయటకు వచ్చాడు. "అందరు దిన్నరు. నువ్వొక్కనివే ఉన్నవ్. నీకు తీసి వెట్టమన్న" అన్నాడు. అన్న ఫోను చూసుకుంటున్నాడు.

నేను చదివి, ఎంతసేపో ఏమీ అనలేదు. 'తీసి వెట్టమన్న' దగ్గర నా వేలు ఆగింది. ఆ పిల్ల నా చేతిలోని కలం వంక చూస్తున్నది. అది నల్లసిరా కలమే. మూత పెట్టి జేబులో పెట్టుకున్నాను.

"తరువాత ఏమైందమ్మా, లోపలికి వెళ్ళాడా?" అన్నాను.

"ఇంకా తెల్వదు తాతయ్యా. వాడు చెప్తలేడు" అన్నది.

పదిరోజులూ అయిపోయాయి. చివరిరోజు పిల్లలు పాటలు పాడారు, బహుమానాలు పంచారు. జూన్ పన్నెండున బడులు తెరిచారు. ఆ పిల్ల ఇప్పటికీ ఆదివారం నాడు వీధిలో కనబడితే ఆగుతుంది. అన్న ఇంకా బండిమీదే ఉన్నాడట.